వాటర్ ట్యాంక్ దాటాక

నిన్న సాయంత్రం కూడా ఆమె సరిగ్గా తన స్టాపులోనే దిగింది.

పొయ్యి మీద టీ మరుగుతుండగా ఆ సంగతే తలుచుకుంటూ, చక్కెర డబ్బాకి ఆనించి నిలబెట్టిన పుస్తకంలో ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పుస్తకంలో ఒక ఏనుగుపిల్ల మేడమెట్లు ఎక్కుతోంది. ఎక్కితే ఎక్కనీ అనిపించింది. అలా అనిపించడమే ఆమెకి భయంగా ఉంది. ఈలోగా టీ పొంగి పొయ్యంతా కారింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందట," అంటూ వదిన మసిగుడ్డ పట్టుకుని వచ్చింది. "జరుగు, నేను తుడుస్తా. పొద్దున లేచిన దగ్గర్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు. ఏమైంది నీకు?"

"ఏం కాలేదు వదినా."

"ఏం కాకపోతే ఆ భుజం ఎందుకు నొక్కుకుంటున్నావు?"

"మొన్న పుస్తకాల కట్టలు మోశాను. అదే."

వదిన నమ్మినట్టు కనబడలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. అన్నయ్య పోయి ఏడాది దాటింది. ఇరుకు వంటింట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగడం ఇద్దరికీ అలవాటైంది గానీ, మాటలు మాత్రం ఇంకా ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. తగలకపోతే ఇద్దరికీ తోచదు కూడా.

ఆమె పని చేసేది ఊరి లైబ్రరీలో, పిల్లల గదిలో. కొత్త పుస్తకాలు వచ్చినప్పుడల్లా చదివి, ఏది ఎవరికి బాగుంటుందో చెప్పడం ఆమె ఉద్యోగం. అయిదో తరగతి లోపు వాళ్ళ పుస్తకాల వెనకట్ట మీద ఆకుపచ్చ స్టిక్కర్, ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే వాళ్ళ పుస్తకాల మీద నీలం స్టిక్కర్ అంటించి, కిటికీ పక్కనున్న పొట్టి అరల్లో సర్దుతుంది. ఇంతవరకూ ఎవరైనా చెయ్యగల పనే.

కానీ ఆమెకొక పద్ధతి ఉంది. కొత్త పుస్తకాన్ని ఆమె సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో చదువుతుంది. ఆమె స్టాపు పేరు వాటర్ ట్యాంక్. చదువుతూ చదువుతూ వాటర్ ట్యాంక్ దాటిపోయిందంటే ఆ పుస్తకం గెలిచినట్టు. అప్పుడు కండక్టర్ నవ్వుకుంటూ వచ్చి, వాటర్ ట్యాంక్ నుంచి డిపోకి ఇంకో టికెట్ కొట్టి ఇస్తాడు. ఏ పేజీ దగ్గర తలెత్తిందో ఆ పేజీలోనే ఆ టికెట్ పెట్టి, మర్నాడు పుస్తకాన్ని అరలో ఉంచుతుంది. పిల్లలు అట్ట చూడరు, బొమ్మలు చూడరు, 'ఈ నెల మంచి పుస్తకాలు' అని లైబ్రేరియన్ గోడకి అంటించే కాగితం వైపు అసలే చూడరు. పుస్తకం విప్పి మధ్యలో టికెట్ ఉందా లేదా అని చూస్తారు. ఉంటే కొట్లాటే. అలా ఆమెకి టికెట్టమ్మ అని పేరొచ్చింది. అసలు పేరు జీతం ఇచ్చే వాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

వయసులో ఉన్నప్పుడు తరచూ చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంటే అన్నయ్యకి అనుమానం వచ్చింది. డిపోలో ఎవడో ఉన్నాడనుకుని ఒకరోజు అదే బస్సులో వెనక సీట్లో ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. డిపోలో దిగి చూస్తే చెల్లెలు సిమెంటు బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది. పరుగెత్తుకెళ్ళి ఎవడే వాడని అడిగితే, కథలో గాడిదని అమ్మేశారని చెప్పింది. అన్నయ్య ఆ కథని బతికినంతకాలం చుట్టాలందరికీ చెప్పుకుని నవ్వాడు. ఎవడో ఒకడు ఉన్నా బాగుండేదని వదిన అనేది. ఆమెకి మాత్రం లోటుగా తోచలేదు. ప్రతి నెలా ఒక కొత్త కట్ట వచ్చేది, దాని తాడు తెంపుతున్నప్పుడు గుండె గబగబా కొట్టుకునేది. అంతకంటే ఏం కావాలో ఆమెకి నిజంగానే తెలియలేదు.

ఆ గుండె కొట్టుకోవడమే ఇప్పుడు ఆగిపోయింది. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఒక్క పుస్తకం కూడా ఆమెని డిపో దాకా తీసుకెళ్ళలేదు. నాలుగు పేజీలు చదవడం, తలెత్తి కిటికీలోంచి చూడడం. మళ్ళీ రెండు పేజీలు, మళ్ళీ చూడడం. వాటర్ ట్యాంక్ ఇంకా కనబడకముందే లేచి కమ్మీ పట్టుకుని నిలబడడం.

వదిన టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"నువ్వు డిపోకి పోయి ఎన్నాళ్ళయిందే?"

ఆమె ఉలిక్కిపడింది.

"నాకు తెలీదనుకున్నావా? నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంటానని రోజూ పరుగెత్తుకొస్తున్నావు. నేను కూర్చునేది గాలి కోసం. నీ కోసం కాదు."

"గాలి పెరటి వైపు కదా వచ్చేది?"

"వీధి వైపు కూడా వస్తుంది. అడ్డం మాట్లాడకు." వదిన మోకాలు రాసుకుంది. "ఒకరోజు ఆలస్యమైతే ఏమవుతుంది? చీకట్లో ఏడవడానికి నేనేమైనా చంటిపిల్లనా? డిపో దాకా పో, ఆ అవతలి ఊరి దాకా పో. వచ్చేటప్పుడు మాత్రం ఈ మొహం వేసుకుని రాకు. చూడలేక చస్తున్నాను."

ఆమె నవ్వింది. వదినకి తెలియనిది ఇంకొకటి ఉంది. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

టికెట్లు లేని పుస్తకాలు అరల్లో నెలల తరబడి అలాగే పడి ఉండేవి. పిల్లలు వచ్చి, విప్పి, మూసి, వెళ్ళిపోయేవాళ్ళు. అవి చెడ్డ పుస్తకాలు కావు. వాటిని రాసినవాళ్ళ తప్పేమీ లేదు. తనలోనే ఏదో ఎండిపోయి వాటికి అన్యాయం చేస్తోందనిపించి, ఒకరోజు తన మామూలు టికెట్‌నే ఒక పుస్తకం మధ్యలో పెట్టేసింది. ఆ పుస్తకం మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అలవాటైపోయింది.

దొరికిపోయింది ఊహూ పిల్లకి. ఆ పిల్ల ఏడో తరగతి. పొట్టి జడలు, మోచేతుల దగ్గర ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ. ఏ పుస్తకం చూపించినా ముందు "ఊహూఁ" అంటుంది కాబట్టి టికెట్టమ్మే ఆ పేరు పెట్టింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పోయిన వారం ఒక పుస్తకం తిరిగి తెచ్చి, బల్ల మీద పెట్టి, అందులోని టికెట్ తీసి పక్కన పెట్టింది.

"దీని మీద లైబ్రరీ నుంచి వాటర్ ట్యాంక్ అని ఉంది. అంటే మీరు మీ స్టాపులోనే దిగిపోయారు," అంది నెమ్మదిగా.

టికెట్టమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆ పిల్ల అరవలేదు, ఎవరికీ చెప్పలేదు. బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది, అంతే. అప్పట్నుంచీ ఆమె ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతోంది.

ఇవాళ కొత్త కట్ట వచ్చింది. లైబ్రరీలో అడుగు పెట్టేసరికి బల్ల పక్కన నేల మీద ఉంది, తాడు రెండు పేటలుగా బిగించి. సాయంత్రం ఊహూ పిల్ల వస్తుంది. వచ్చి టికెట్ ఉందా అని అడుగుతుంది. ఏం చెప్పాలి? ఆమె కత్తెర వెతికింది, అది చేతిలోనే ఉంది. తాడు తెంపింది. కొత్త కాగితం వాసన, జిగురు వాసన గుప్పుమన్నాయి. ఒక పుస్తకం తీసి నిలబడే మొదటి పేజీ చదివింది, పెట్టేసింది. ఇంకోటి తీసింది. లైబ్రరీ ముద్ర వేయబోయి ఇంకు లేదని గమనించి ఇంకు పోసింది, పోసినది బల్ల మీదకి ఒలికింది. తుడిచింది. కుర్చీలో కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. లేచి కిటికీ తలుపులు తెరిచింది. చల్లగాలి వస్తున్నా మెడ దగ్గర చెమట పోస్తోంది. తారీఖు చీటీలు అంటిస్తుంటే రెండు తలకిందులుగా అంటుకున్నాయి.

"ఏంటమ్మా, ఇవాళ గది అంతా మీరే ఉన్నారు!" అన్నాడు లైబ్రేరియన్ తలుపు దగ్గర నిలబడి. "కాస్త కూర్చోండి. చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి."

మధ్యాహ్నం రెండో తరగతి పిల్లలు వరసగా వచ్చారు. వరస గుమ్మం దాకానే ఉంది. ఆ తర్వాత గది సంతలా అయిపోయింది. ఆమెకి అదే కాస్త ఊరట. నేల మీద చతికిలబడి, ఒడిలో పుస్తకాలు పోసుకుని, ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఒక్కొక్కటి అందించింది. నువ్వు నవ్వాలా, భయపడాలా? భయపడాలి కానీ కొంచెమేనా? అయితే ఇది. పళ్ళూడిన ఒక బుడతడు కుక్క బొమ్మ ఉన్న పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇందులో కుక్క చచ్చిపోతుందా?"

"చావదు."

"ఒట్టు?"

"ఒట్టు. తప్పిపోతుంది. తర్వాత దొరికేస్తుంది."

వాడు చాలాసేపు ఆలోచించాడు. "అయితే వద్దు. తప్పిపోయేది కూడా వద్దు," అని పుస్తకం వెనక్కిచ్చి, రైలింజన్ల పుస్తకం పట్టుకుని పోయాడు. ఆమె మనసు కాసేపు తేలికపడింది. లేవబోతే భుజం నుంచి మోచేతి దాకా సలుపు దిగింది. అర పట్టుకుని, అది తగ్గాక లేచింది.

ఊహూ పిల్ల బడి వదిలాక వచ్చింది. బ్యాగు కింద పడేసి బల్ల మీదకి మోచేతులు ఆనించింది.

"టికెట్ ఉందా?"

"లేదు."

"అబద్ధం టికెట్ కూడా లేదా?"

"లేదు. ఇంక పెట్టను."

ఆ పిల్ల తలూపింది. గోరుతో బల్ల మీది ఇంకు మరక గీకుతూ అడిగింది. "ఎందుకు పెట్టారు?"

పెద్దవాళ్ళకి చెప్పే జవాబులు చాలా తోచాయి. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తే అవేవీ నోటి దాకా రాలేదు. "నాకు స్టాపు దాటడం లేదు," అంది. "పుస్తకాలు బాగానే ఉన్నాయి. నాకే ఏదో అయింది."

"పాడైపోయారా?"

"ఏమో. అయ్యానేమో."

అనేశాక ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఊహూ పిల్ల మాత్రం జాలిపడలేదు. ఆగిపోయిన గడియారాన్ని చూసినట్టు ఆమెని అటూ ఇటూ చూసింది.

"మాకు ఏది చదవాలో మీరు చెప్తారు. మరి మీకెవరు చెప్తారు?"

"నాకెవరు చెప్తారు! నేనే అన్నీ చదువుతానుగా."

"అదీ సంగతి," అని ఆ పిల్ల కట్ట దగ్గరికి పోయి కూర్చుంది. పుస్తకాలన్నీ చుట్టూ పరుచుకుంది. ఒకటి తెరిచి "ఊహూఁ" అంది. ఇంకోటి తెరిచి "ఊహూఁ" అంది. సందడి తగ్గి గది ఖాళీ అవుతున్నా ఆ పిల్ల లేవలేదు. చివరికి మట్టిరంగు అట్ట ఉన్న పుస్తకమొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. అట్ట మీద ఒక బీరువా బొమ్మ, దాన్ని తోస్తున్న ఇద్దరు పిల్లల వీపులు. అంతకంటే ఏమీ లేదు.

"మొదటి పేజీ చదివా. రెండోది చదవాలనిపించింది. చదవలేదు. ముందు మీరు చదవండి."

"నాకు నచ్చకపోతే?"

"ఊహూఁ అనండి. నేనేం అనుకోను. కానీ నిజం చెప్పాలి."

"సరే. రేపు వస్తావా?"

"రాకుండా ఎక్కడికి పోతా?" అని ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని గెంతుతూ వెళ్ళింది.

సాయంత్రం బస్సులో ఎప్పటి చోటే దొరికింది, కుడి వైపు కిటికీ పక్కన. పాత కండక్టరే. జుట్టు తెల్లబడిన దగ్గర్నుంచీ టోపీ తియ్యడం మానేశాడు. ఇద్దరి మధ్యా ఏనాటిదో ఒక ఒప్పందం ఉంది, స్టాపు వచ్చిందని అతను ఆమెకి చెప్పకూడదు. చెప్తే పరీక్ష చెడిపోతుంది. తన మిషన్ నొక్కి లైబ్రరీ నుంచి వాటర్ ట్యాంక్‌కి టికెట్ చింపి ఇచ్చాడు.

"ఏంటక్కా, ఇవాళ కొత్తదా? అట్ట చూస్తే నిద్రొస్తోంది."

"నేను తీసుకున్నది కాదు. ఒక పిల్ల నాకిచ్చింది. రేపు దానికి జవాబు చెప్పాలి."

"అదేంటి, టికెట్టమ్మకే పరీక్షా?" అని నవ్వుతూ అతను ముందుకెళ్ళాడు.

ఆమె పుస్తకం తెరిచింది. అక్కా తమ్ముడూ ఇల్లు మారుతున్నారు. సామానంతా వెళ్ళిపోయింది, అమ్మమ్మ బీరువా మిగిలిపోయింది. అది బండిలో పట్టలేదు. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. సరే, చక్రాలున్నాయిగా, మనమే తోసుకుపోదామన్నాడు తమ్ముడు. ఊళ్ళో ఈ చివర నుంచి ఆ చివరకి. మొదటి ఎత్తు ఎక్కుతుంటే బీరువా లోపల ఏదో దొర్లింది.

ఆమె అలవాటు కొద్దీ తలెత్తి కిటికీలోంచి చూసింది. ఇంకా బజారే. మందుల దుకాణం ముందు జనం, ఆరబెట్టిన గొడుగులు. కిటికీ దగ్గర కూర్చున్న వదిన గుర్తొచ్చింది. గాలి కోసం, అనుకుని నవ్వుకుంది. మళ్ళీ పుస్తకంలోకి దిగింది.

దిగుడు వచ్చింది. బీరువా పిల్లల చేతుల్లోంచి జారి తనంతట తనే పరుగు తీసింది. అక్క అరుస్తోంది, తమ్ముడు చెప్పులు వదిలేసి పరుగెత్తుతున్నాడు, కూరగాయల బండ్ల వాళ్ళు పక్కకి దూకుతున్నారు. లోపలిది ఈసారి దొర్లలేదు. తట్టింది. తలుపుని లోపల్నుంచి ఎవరో తట్టినట్టు. టికెట్టమ్మ పాదాలు బస్సు నేల మీద బిగుసుకున్నాయి. గుండె గబగబా కొట్టుకుంది, తాడు తెంపే రోజుల్లోలాగా. ఆగండర్రా, అక్కడ మలుపుంది, అని పెదవులు కదిలాయి.

బయట వాటర్ ట్యాంక్ వచ్చింది. నలుగురు దిగారు, ఒకరు ఎక్కారు. బస్సు కదిలింది.

వెనక ద్వారం దగ్గర నిలబడ్డ కండక్టర్ ఆమె తలవైపు చూశాడు. తల ఎత్తలేదు. తర్వాతి మలుపు తిరుగుతుండగా ఆమె చెయ్యి లేచి పేజీ తిప్పడం చూశాడు. ఏడాదిగా ఈ దృశ్యం కోసం అతను కూడా చూస్తున్నాడని ఆమెకి తెలియదు. చిన్నపిల్లాడిలా సంబరపడి, పిలవబోయిన నోరు మూసుకుని, ఇంకో టికెట్ కొట్టి జేబులో పెట్టుకున్నాడు. డిపోలో ఇద్దామనుకున్నాడు.

డిపోలో అందరూ దిగిపోయారు. డ్రైవర్ ఇంజన్ ఆపాడు. కండక్టర్ టికెట్ పట్టుకుని ఆమె సీటు దగ్గరికి వచ్చాడు.

"గెలిచిందిగా అక్కా!"

ఆమె తల కిటికీకి ఆని ఉంది. కళ్ళజోడు కొద్దిగా జారింది. పుస్తకం ఒడిలో తెరిచే ఉంది, బొటనవేలు పేజీ మీద ఉంది. అతను ఇంకోసారి పిలిచాడు. ఇంకోసారి పిలిచి, భుజం తాకి, నెమ్మదిగా టోపీ తీసి పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆ విషయం చెప్పడానికి, ఆమె బ్యాగూ పుస్తకమూ పట్టుకుని అతనే వాళ్ళింటికి వెళ్ళాడు. మేడ మీద వీధి వైపు కిటికీ దగ్గర వదిన కూర్చుని ఉంది. అంతా వింది.

"నేనే పొమ్మన్నాను," అంది తర్వాత. "పొద్దునే అన్నాను, డిపో దాకా పొమ్మని."

"నేను పిలవలేదమ్మా," అన్నాడు కండక్టర్. "పిలిచి ఉంటే... కానీ ట్యాంక్ దాటాక పేజీ తిప్పింది. నా కళ్ళతో చూశాను. ఎప్పట్లాగే చదువుకుంటూ ఉంది."

కొన్నాళ్ళకి వదిన లైబ్రరీకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె అక్కడ అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఆడపడుచు బ్యాగులో దొరికిన కత్తెర, జిగురు సీసా లైబ్రేరియన్‌కి అప్పగించింది. మట్టిరంగు పుస్తకం మాత్రం చేతిలోనే ఉంచుకుని పిల్లల గదిలోకి వెళ్ళి నిలబడింది. పొట్టి అరల కింద, నేల మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. చుట్టూ పుస్తకాలున్నాయి గానీ ఏదీ తెరవలేదు.

"లైబ్రేరియన్ గారు చెప్పిన ఊహూ పిల్లవి నువ్వేనా?"

ఆ పిల్ల తలెత్తింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"ఇది నువ్విచ్చిన పుస్తకమట. నీకు జవాబు చెప్పాలని కండక్టర్‌తో అందట." వదిన పుస్తకం చాచింది. "నాకు చదవడం రాదనుకునేవు. వచ్చు. తెరవబుద్ధి కాలేదంతే."

ఊహూ పిల్ల పుస్తకం అందుకుని విప్పింది. మధ్యలో టికెట్ ఉంది. తీసి, వెలుతురు వైపు తిప్పి, దాని మీద అచ్చయిన అక్షరాలు పెదవులు కదుపుతూ చదివింది. వాటర్ ట్యాంక్ నుంచి డిపో. మళ్ళీ చదివింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నిజం టికెట్," అంది.

వదిన గోడ పట్టుకుని, మోకాళ్ళు మూలుగుతుండగా ఆ పిల్ల పక్కనే నేల మీద కూలబడింది.

"ఇంతకీ ఆ బీరువాలో ఏముందట?"

"నాకూ తెలీదు. తెలిసినా చెప్పకూడదు," అంది ఊహూ పిల్ల. మొదటి పేజీ తెరిచి, ఇద్దరికీ కనబడేలా పుస్తకాన్ని మధ్యకి జరిపింది.

ఆ పుస్తకం తర్వాత చాలా చేతులు మారింది. అట్ట చిరిగింది, వీపున అంటించిన కాగితం ఊడింది, నీలం స్టిక్కర్ అంచులు లేచాయి. బస్సు టికెట్ల మీది ఇంకు ఎన్నాళ్ళో నిలవదు. వాటర్ ట్యాంక్ పోయింది, డిపో పోయింది, తారీఖు పోయింది. బీరువా పరుగు తీసే పేజీలో మాత్రం ఆ తెల్లకాగితం ముక్క పెట్టినచోటే ఉంది.